పిక్క పట్టేస్తే వదిలించడం ఎలా

గుంటూరు

చిరంజీవి శీనుకి మామయ్య ఆశీస్సులు.

1600 మీటర్ల పరుగులో చివరికొచ్చేసరికి పిక్కలు పట్టేస్తున్నాయని రాశావు. నీళ్లు తాగితే పోతుందని గ్రౌండులో అందరూ అనేమాటే. అందులో నిజం కొంతే. ముందు కండరం ఎలా బిగుస్తుందో, ఎలా వదులుతుందో తెలుసుకో.

నరం కొసన అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలవగానే, కండర కణం లోపలి సంచుల్లో ఉన్న కాల్షియం బయటికొస్తుంది. కణంలో మయోసిన్, యాక్టిన్ అనే ప్రొటీన్ల సన్నటి పోగులుంటాయి. అప్పుడు మయోసిన్ తలలు పక్కనున్న యాక్టిన్ పోగుల్ని పట్టుకుని, చేతులు మార్చి మార్చి తాడు లాగినట్టు లాక్కుంటాయి. ఈ సన్నటి పోగుల పొడవు తగ్గదు, ఒకదాని పక్కన ఒకటి జారతాయంతే. ఈ సంగతి 1954లో రెండు బృందాలు విడివిడిగా ప్రకటించాయి. రెంటిలోనూ ఒక హక్స్‌లీ ఉన్నాడు, ఇద్దరికీ చుట్టరికం మాత్రం లేదు.

జనం పట్టించుకోనిది కండరం వదలడం గురించే. అది ఊరికే జరగదురా. ఒక్కో పట్టు విడవడానికి కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం కావాలి, కాల్షియాన్ని మళ్లీ సంచుల్లోకి తోడడానికీ ఏటీపీయే కావాలి. మనిషి పోయిన కొన్ని గంటలకు శరీరం బిగుసుకుపోయేది ఏటీపీ లేక పట్లు విడవకపోవడం వల్లే.

నీ పిక్కలో లోటు ఏటీపీది కాదు. అలవాటుకు మించి అలిసిన కండరానికి నరం సంకేతాలు పంపడం మానదు. నరం ఊరుకుంటేనే కండరం వదులుతుంది.

పట్టేయగానే ఆగి కూర్చో. మోకాలు తిన్నగా చాపి, పాదం ముందు భాగాన్ని పట్టుకుని మెల్లగా నీ వైపు లాగి 20–30 సెకన్లు ఉంచు. కుదుపుతో లాగావో, కండరం ఉలిక్కిపడి ఇంకా బిగుస్తుంది. నిదానంగా లాగితే కండరాన్ని ఎముకకు కట్టే టెండన్‌లోని నాడులు వెన్నుపాముకు కబురు పంపి ఆ నరాన్ని శాంతపరుస్తాయి.

రోజూ పరుగయ్యాక గోడకు చేతులానించి పిక్కలు సాగదీయి. మోకాలు తిన్నగా ఉంటే పైకండరం, కాస్త వంచితే దాని కిందిది సాగుతాయి. ఒక్కోటి 30 సెకన్లు, మూడేసి సార్లు. పరుగుకు ముందు ఇలా సాగదీసి నిలపొద్దు, 10 నిమిషాలు నడక, మెల్లటి జాగింగ్ చాలు.

అసలు తప్పు నీ వేగంలో ఉంది. 1600 మీటర్లకు గడువు 8 నిమిషాలంటే 400 మీటర్లకు 2 నిమిషాలు ఉన్నట్టే. మొదటి 400 నువ్వు 80 సెకన్లలో కొట్టేస్తే చివర పిక్క ఊరుకుంటుందా?

బెజవాడ ఎండలో చెమట ఓడుతుంది గనక ఓఆర్ఎస్ తాగు. లీటరు ప్యాకెట్‌ని లీటరు నీళ్లలోనే కలుపు, సగం ప్యాకెట్ గ్లాసులో పోసుకోవడం వద్దు.

మంగళగిరి మెట్లు ఎక్కి దిగుతున్నావట, మంచిదే. ఎక్కిన నొప్పి కాదు, దిగిన నొప్పే మర్నాడు పట్టుకుంటుంది. దిగేటప్పుడు తొడ ముందు కండరం బిగిసి ఉండగానే సాగుతుంది, పోగులు కొద్దికొద్దిగా చిట్లుతాయి. నొప్పిని కష్టపడ్డ కండరంలో తయారయ్యే లాక్టిక్ యాసిడ్ మీదకు నెట్టకు, అది గంటలో పోయేదే. రెండు మూడు రోజులు తేలికగా నడిచి మళ్లీ ఎక్కు.

ఒక పిక్కే వాచి, వేడిగా ఉండి తగ్గకపోయినా, మూత్రం డికాక్షన్ రంగులో వచ్చినా సాధన ఆపి అదే రోజు ఆస్పత్రికి వెళ్లు. అమ్మకి చెప్పకుండా దాచకు.

మీ మామయ్య