ఆటోనగర్ జవాబులు: లిఫ్ట్ ముందా, టైర్లు ముందా?

ప్రశ్న: మాది నల్లరేగడి పొలం. థార్ డీజిల్, ఫోర్ బై ఫోర్, 16 అంగుళాల రిమ్ములు. పోయిన వానాకాలం పొలం దారిలో కూరుకుపోతే ట్రాక్టరు పెట్టి లాగించాం. మూడంగుళాల లిఫ్ట్ కిట్టు, 33 అంగుళాల మడ్ టైర్లు వేయిస్తే ఇక ఆగేది లేదని మా బావమరిది అంటున్నాడు. అమ్మానాన్నలను గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లేదీ ఇదే బండి. వేయించమంటారా?
– పేరు వద్దన్న పాఠకుడు, తాడికొండ

జవాబు: వద్దండీ. మీ బావమరిది చెప్పినవన్నీ ఒకేసారి వేయించొద్దు. అందులో ఒకటి మాత్రం మీకు పనికొస్తుంది.

లిఫ్ట్ కిట్టు ఎత్తేది బాడీని, ఛాసిస్‌ని. వెనక చక్రాలు రెంటినీ కలిపే యాక్సిల్‌ని కాదు. థార్‌కి వెనక ఉన్నది ఒకే ముక్కగా ఉండే గట్టి యాక్సిల్. దాని మధ్యలో డిఫరెన్షియల్ హౌసింగ్, అంటే ఇంజను శక్తిని రెండు చక్రాలకీ పంచే గేర్ల డబ్బా ఉంటుంది. బురద గట్టుకి ముందు తగిలేది అదే. మీరు మూడంగుళాల స్ప్రింగు వేసినా, ఆరంగుళాలది వేసినా ఆ హౌసింగ్ నేలకి ఎంత ఎత్తులో ఉందో అంతే ఎత్తులో ఉంటుంది. దాన్ని పైకి లేపేది టైరు ఒక్కటే. అదీ పెరిగిన వ్యాసంలో సగమే.

లెక్క చూడండి. మీ బండికి కంపెనీ ఇచ్చిన 245/75 ఆర్16 టైరు వ్యాసం సుమారు 774 మిల్లీమీటర్లు. బావమరిది గారు చెప్పే 33 అంగుళాలంటే బజార్లో 285/75 ఆర్16, అది 834 దాకా వస్తుంది. తేడా 60, యాక్సిల్ లేచేది 30. ఈ అంగుళం పైచిలుకు కోసం మనం ఇచ్చుకునేది చాలా ఉంది.

ఇక మీ రేగడి సంగతి. తడిసిన రేగడి జారిపోయే బురదే కాదు, పట్టుకునే బురద కూడా. టైరు గాళ్లలో నిండుతుంది, అక్కడి నుంచి మడ్‌గార్డు లోపలికి ఎక్కి కూరుకుంటుంది. చివరికి చక్రమే తిరగనంటుంది. ట్రాక్టరు నడిపినవారు మీరు, ఇది మీకు నేను చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఆలోచించండి, లావు టైరు వేస్తే మడ్‌గార్డులో ఉన్న ఖాళీ పెరుగుతుందా, తగ్గుతుందా? తగ్గుతుంది. వెడల్పు 245 నుంచి 285 అయితే పక్కల సందు కూడా పోతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు లోపలి ప్లాస్టిక్ లైనర్‌కి రాసుకునేది ఇందుకే. రాళ్లలో ఎక్కేవాళ్లకీ ఇసుకలో తిరిగేవాళ్లకీ లావు టైరుతో లాభం ఉంది. రేగడిలో సన్నగా ఉండి, గాళ్లు వెడల్పుగా, లోతుగా ఉన్న టైరే మేలు.

కాబట్టి నేనైతే ముందు కంపెనీ సైజులోనే మడ్ టెరైన్ టైర్లు వేయిస్తాను. మీకు పనికొస్తుందన్న ఒకటి ఇదే. రోడ్డు మీద రొద చేస్తాయి, వానలో తారు మీద బ్రేకు కొంచెం దూరం తీసుకుంటాయి. పొలం పని వారానికి ఒకసారే అయితే రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే ఆల్ టెరైన్ చాలు. దీంతోపాటు డ్యాష్‌బోర్డు సాకెట్‌కి పెట్టుకునే చిన్న కంప్రెసర్, గాలి కొలిచే ఒక మంచి గేజి కొనండి. పొలం దారి ఎక్కే ముందు గాలి 20 పీఎస్ఐ దాకా దించి, నెమ్మదిగా పోనిచ్చి, తారు ఎక్కగానే మళ్లీ నింపండి. నింపకుండా 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కారంటే టైరు గోడలు వేడెక్కి పేలే ప్రమాదం ఉంది. ఒక తాడు, దాన్ని తగిలించే రెండు షాకిల్స్, ఒక పార కూడా వెనకాల పడేసుకోండి. వీటిని ఫొటో తీసి ఎవరూ స్టేటస్ పెట్టుకోరు కాబట్టి మా షాపుకి వచ్చే కుర్రాళ్లకి ఇవి నచ్చవు.

ఇంత చేశాక కూడా కడుపు నేలకి రాస్తోందనిపిస్తే అప్పుడు లిఫ్ట్ మాట. అంగుళంన్నర చాలు, మహా అయితే రెండు. మడ్‌గార్డులో సందు పెరిగేది దానివల్లే, రేగడిలో లిఫ్ట్‌కి ఉన్న అసలు ఉపయోగం కూడా అదే. మూడు ఎందుకు వద్దంటానంటే, థార్ ముందు చక్రాలు ఇండిపెండెంట్, అంటే దేనికది విడిగా కదులుతుంది. బాడీ లేచినకొద్దీ చక్రాన్ని పట్టుకున్న కింది ఆర్మ్ ఏటవాలుగా వాలుతుంది, యాక్సిల్ షాఫ్టు ఆ వాలులోనే తిరగాలి. షాఫ్టు వంగి కూడా తిరిగేలా చేసే సీవీ జాయింట్ ఎప్పుడూ వంగే ఉంటుంది, దాని మీది రబ్బరు బూటు మడతల దగ్గర చిట్లుతుంది, గ్రీజు బయటికి, మట్టి లోపలికి. ఆర్ముల చివర ఉండే బాల్ జాయింట్లదీ అదే గతి.

చవకగా దొరికేది స్పేసర్. కాయిల్‌ఓవర్ (స్ప్రింగూ, కుదుపు ఆపే డ్యాంపరూ కలిసిన భాగం) పైన ఒక గట్టి బిళ్ల పెట్టి బండిని లేపుతారు. లేస్తుంది, కాదనను. కానీ స్ప్రింగు పాతదే, డ్యాంపరు పాతదే. గుంతలో చక్రం పూర్తిగా కిందికి దిగినప్పుడు ఆర్ములు, జాయింట్లు కంపెనీ అనుకున్న హద్దు దాటి వంగుతాయి, టక్కుమని శబ్దం రావచ్చు. వేయిస్తే దానికి తగ్గ స్ప్రింగులు, డ్యాంపర్లు కలిపి ఒకే కిట్టుగా వేయించండి. మీరు బండిలో మామూలుగా ఎంత బరువు వేస్తారో ముందే చెప్పి ఆ బరువుకి తగ్గ స్ప్రింగు అడగండి. ఖాళీ బండికి గట్టి స్ప్రింగు వేస్తే మీ నాన్నగారి నడుము పని అయిపోయినట్టే.

బిగించే రోజు మీరు పక్కనే ఉండి చూడాల్సింది ఒకటుంది. ఆర్ముల కీళ్లలో ఉండే రబ్బరు బుష్షులకి పట్టే పెద్ద బోల్టులను బండి షాపులోని ఎత్తే యంత్రం మీద వేలాడుతుండగా పూర్తిగా బిగించేస్తారు, పని తొందరగా అవుతుందని. అది తప్పు. అప్పటికి వదులుగా పెట్టి, బండిని నేల మీదికి దించి, బరువు చక్రాల మీద పడ్డాక ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచితో బిగించాలి. లేకపోతే లోపలి రబ్బరు మెలితిరిగిన స్థితిలోనే రోజంతా ఉంటుంది, కొన్ని నెలల్లో చిరుగుతుంది. చాలామంది కిట్టు బాగోలేదని తిట్టుకుంటారు గానీ తప్పు అక్కడ జరిగి ఉంటుంది. పనికి ముందూ తర్వాతా చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా నాలుగు పక్కలా టేపు పెట్టి కొలిచి రాసుకోండి. అలైన్‌మెంట్ అదే రోజు, హెడ్‌లైట్లు దించడం కూడా అదే రోజు. ముక్కు లేస్తే లైటు ఎదుటివాడి కళ్లలోకి పోతుంది.

33 అంగుళాల టైరు గురించి ఇంకొక్క మాట. చుట్టుకొలత దాదాపు 8 శాతం పెరుగుతుంది, అంటే గేర్లన్నీ అంత మేర పొడవైపోయినట్టే. బండి లేవడంలో బద్ధకం, మైలేజీకి కోత. మీటరు వంద చూపిస్తున్నప్పుడు బండి అంతకంటే ఎక్కువ వేగంలో ఉండొచ్చు. కంపెనీ మీటర్లు ఎలాగూ కాస్త పెంచి చూపిస్తాయి కాబట్టి ఆ తేడా కొంత సర్దుకుంటుంది గానీ గేర్ల సంగతి సర్దుకోదు. పైగా ఒక్కో టైరుకి ఏడెనిమిది కిలోలు పెరిగితే బ్రేకులకి ఆ బరువు తెలుస్తుంది. స్టెప్నీ వెనక తలుపుకే వేలాడుతుంది కదా, కీళ్లకీ తెలుస్తుంది. అమ్మగారు మోకాళ్ల నొప్పితో ఇప్పుడే కష్టపడి ఎక్కుతుంటే, లిఫ్టూ టైర్లూ కలిపి ఇంకో నాలుగంగుళాలు లేపి ఎక్కమనడం ఏం మర్యాద చెప్పండి.

ప్రశ్న: జిమ్నీకి రెండంగుళాల లిఫ్ట్ చేయించాం. ఊళ్లో బాగుంది. హైదరాబాదు రోడ్డులో ఎనభై దాటితే స్టీరింగు అటూ ఇటూ పోతోంది. అలైన్‌మెంట్ మళ్లీ మళ్లీ చేయించినా అంతే.
– ఒక పాఠకురాలు, భవానీపురం

జవాబు: అలైన్‌మెంట్‌తో తీరేది కాదమ్మా ఇది. జిమ్నీకి ముందు కూడా గట్టి యాక్సిలే. లిఫ్ట్ చేస్తే దాన్ని పట్టుకున్న ఆర్ములు కిందికి వాలి, యాక్సిల్ కొంచెం ముందుకు తిరుగుతుంది, క్యాస్టర్ కోణం (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గుతుంది. స్టీరింగు తనంతట తాను సూటిగా నిలబడేది ఆ కోణం వల్లే. అలైన్‌మెంట్ షాపులో ఈ బండికి మార్చగలిగేది టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) మాత్రమే, క్యాస్టర్‌కి సర్దుబాటు లేదు. ఈసారి ప్రింటవుట్ తీసుకుని క్యాస్టర్ అంకె ఎంతుందో, కంపెనీ చెప్పిన హద్దులో ఉందో లేదో చూడండి. తక్కువ ఉంటే క్యాస్టర్ కరెక్షన్ బుష్షులు వేయించాలి. యాక్సిల్‌ని అడ్డంగా ఛాసిస్‌కి పట్టి ఉంచే ప్యాన్‌హార్డ్ రాడ్ వల్ల యాక్సిల్ ఒక పక్కకి జరిగి ఉంటుంది, పొడవు మార్చుకునే రాడ్ వేస్తే అదీ మధ్యకి వస్తుంది. బ్రేకు గొట్టాలు చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు బిగుసుకుంటున్నాయేమో కూడా చూపించండి. ఒకవేళ అటూ ఇటూ పోవడం కాకుండా స్టీరింగు గడగడా వణుకుతుంటే అది వేరే జబ్బు. ముందు చక్రాలు పక్కలకి తిరిగేచోట ఉండే కింగ్‌పిన్ బేరింగులు, చక్రాల బ్యాలెన్సింగు, ప్యాన్‌హార్డ్ బుష్షులు చూపించే దాకా హైవే ఎక్కొద్దు.

ప్రశ్న: మా అబ్బాయి బండిని లిఫ్ట్ చేయిస్తానంటున్నాడు. పోలీసులు పట్టుకుంటారా?
– ఒక పాఠకుడు, పటమట

జవాబు: పట్టుకునే అధికారం ఉందండీ. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలో ఉన్నవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. బంపరు ముందు కట్టించుకునే ఇనుప చట్రాన్ని, అంటే బుల్‌బార్‌ని 2017లోనే కేంద్రం వద్దంది.

మా ఆటోనగర్‌లో ఎవర్నడిగినా "ఏం కాదు సార్, అందరూ చేయిస్తున్నారు" అంటారు. ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్సు సర్వేయర్ ముందు ఆ మాట పని చేయదు. మీ బండి మోడల్లోనే పై వేరియంట్‌కి కంపెనీ ఇచ్చే టైరు సైజు దాటకుండా, లోడ్ ఇండెక్సు (టైరు మోయగల బరువుని చెప్పే అంకె) తగ్గకుండా చూసుకుంటే తలనొప్పి తక్కువ. అంతకు మించి ఏం చేయించాలన్నా ముందు ఆర్టీఏ ఆఫీసులో అడిగి, ఇన్సూరెన్సు కంపెనీకి రాసి, జవాబు కాగితం మీద తీసుకోమనండి. అబ్బాయి అయినా వినకపోతే, విప్పిన స్ప్రింగులూ డ్యాంపర్లూ షాపువాళ్లకి వదిలేయకుండా మీరే ఇంటికి తెచ్చి పెట్టండి. బండి అమ్మేటప్పుడు కొనేవాళ్లు వాటినే అడుగుతారు.