ఇత్తడి కేసా, ఉక్కు కేసా? రేంజికెళ్లే మన కుర్రాళ్లకి

సిక్కోలు, విజీనారం నుంచి డాలస్ వచ్చిన మన కుర్రాళ్లు శనాదివారాల్లో షూటింగ్ రేంజిలకి వెళ్తున్నారు. మొన్న పాతపట్నం తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, ఉక్కు కేసు (మందూ గుండూ పట్టి ఉంచే తొడుగు) తూటాలు చవగ్గా వస్తన్నాయి కదా. అవే కాల్చి, ఖాళీ కేసులు ఏరుకుని మళ్లీ నింపుకుంటే?"

ముందు నీ వీసా ఏంటో చెప్పమన్నాను. ఎఫ్-1, హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉంటే ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రేంజిలో అద్దెకి తీసుకుని పట్టుకున్నా అంతే. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండడం లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. ఖాళీ కేసు, ప్రైమర్ (మందుకి నిప్పంటించే అడుగు బిళ్ల), మందు, గుండు, దేనికది విడిగా ఉన్నా చట్టం లెక్కలో తూటాయే. గ్రీన్ కార్డుంటే ఈ అడ్డు లేదు. అనుమానముంటే ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడిగాకే చెయ్యి పెట్టు.

ఇక అసలు సంగతి. మా వైపు బుడితి ఇత్తడి ఎరిగినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తూటా కేసు ఇత్తడిలో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగం. పేలినప్పుడు ఉబ్బి ఛాంబరు (తుపాకీలో తూటా కూర్చునే గది) గోడకి అతుక్కుని గ్యాసు వెనక్కి రాకుండా ఆపుతుంది, వెంటనే కాస్త ముడుచుకుని సులువుగా బయటికొస్తుంది. ఉక్కుకి ఆ సాగుడు తక్కువ. పైపూత గీసుకుపోతే తుప్పు కూడా పడుతుంది.

పైగా ఉక్కు కేసుల్లో చాలావాటికి బెర్డాన్ ప్రైమర్ ఉంటుంది. అడుగున పక్కలకి రెండు సన్న రంధ్రాలు. మన డైలో (పేలిన కేసుని మళ్లీ కొలతకి నొక్కే అచ్చు) పాత ప్రైమరుని బయటికి నెట్టే పిన్ను ఉంటుంది. అది మధ్యలో ఒకటే రంధ్రమున్న బాక్సర్ కేసు కోసం చేసింది. బెర్డాన్ కేసులో దూరిస్తే విరుగుతుంది. బాక్సర్ ప్రైమరున్న ఉక్కు కేసుల్ని ఒకటి రెండుసార్లు నింపేవాళ్లున్నారు గానీ, నా మటుకు నేను ఆ పని చెయ్యను. ఉక్కు కాల్చి వదిలెయ్యడానికే.

ఇత్తడికీ ఆయుష్షుంది. సాగగొట్టిన ఇత్తడి గట్టిపడితే కంచరి కొలిమిలో కాల్చి మెత్తబరుస్తాడు కదా, ఇక్కడా అదే. తూటా పేల్చి, కేసుని డైలో నొక్కి, మళ్లీ పేలిస్తే గుండుని పట్టుకునే మెడ గట్టిపడి చీలుతుంది. అందుకే మెడా, దాని కింద వాలుగా ఉండే భుజమూ మాత్రమే వేడి చేస్తాం. అడుగు భాగానికి ఆ వేడి అస్సలు తగలకూడదు. అది మెత్తబడితే పేలుడు వత్తిడికి ఆగదు, మొహం పక్కనే పగులుతుంది. నింపే ముందు సన్నటి తీగ కొన వంచి కేసు లోపల అడుగుకి కాస్త పైన పాముతూ చూడు. గాడి తగిలిందా, ఆ కేసు పారెయ్. మరోసారి కాలిస్తే రెండు ముక్కలవుతుంది.

ఇంకోటి. రేంజికి వాడిన బ్యాగుతో ఊరెళ్లొద్దు. మన 1959 ఆయుధాల చట్టంలో తూటా భాగాలూ తూటా కిందికే వస్తాయి. జేబు మూల ఇరుక్కున్న ఒక్క ఖాళీ కేసు చాలు, విశాఖ ఎయిర్‌పోర్టులో నిన్ను ఆపెయ్యడానికి.