సమాధానం: డార్క్ మ్యాటరే చైతన్యమా?
తమ్ముడూ, నల్లగొండలో నీ డిగ్రీ సెమినార్‌కు "డార్క్ మ్యాటరే చైతన్యం, క్వాంటమ్ ఫిజిక్స్ రుజువు చేసింది" అని రాస్తే లెక్చరర్ ఒప్పుకోలేదన్నావు. టాపిక్ వదలకు, ముందు "రుజువు చేసింది" అన్న మాట తీసెయ్యి.

మన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో నీడను బట్టి స్తంభాల అమరిక ఆలోచించినట్టే, 1933లో ఖగోళ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ జ్వికీ గెలాక్సీల వేగాన్ని బట్టి కనిపించని ద్రవ్యం, అంటే డార్క్ మ్యాటర్, ఉందన్నాడు. 1970లలో వెరా రూబిన్ కొలతలు దాన్ని బలపరిచాయి. అది మన సౌరకుటుంబం దగ్గర ఎంత పలచగా ఉందో తప్పకుండా చెప్పు, నీ సెమినార్‌కు అదే ప్రాణం. ఘన సెంటీమీటరుకు సుమారు 0.3 గిగా ఎలక్ట్రాన్ వోల్టులని అంచనా (ఇది కణాల బరువు చెప్పే కొలమానం, ఒక ప్రోటాన్ బరువు దాదాపు ఒకటి). అంటే మెదడంతటిలో ఏ క్షణమైనా ఉండేది నాలుగైదు వందల ప్రోటాన్ల బరువే! అదీ మామూలు పదార్థాన్ని దాదాపు తాకకుండానే దాటిపోతుంది. దానితో ఆలోచన నడుస్తుందంటే నేను నమ్మలేను.

క్వాంటమ్ వైపు భౌతిక శాస్త్రవేత్త పెన్‌రోజ్, మత్తు వైద్యుడు హామెరాఫ్‌ల ఊహ ఉంది: నాడీకణాల్లోని మైక్రోట్యూబుల్ అనే సన్నని గొట్టాల్లో నిలిచే క్వాంటమ్ స్థితి వల్లే చైతన్యం అని. అది చర్చించదగ్గదే. దాని పక్కనే 2000లో భౌతిక శాస్త్రవేత్త టెగ్‌మార్క్ వేసిన లెక్క పెట్టు: మెదడు వేడికి ఆ క్వాంటమ్ స్థితి సెకనులో పది లక్షల కోట్లో వంతులోపే చెదిరిపోతుంది, నాడీకణాల పనేమో మిల్లీసెకన్లలో. హామెరాఫ్ వర్గం దీనికి జవాబిచ్చింది, అదీ చెప్పు. ఇక క్వాంటమ్ కొలతకు మనిషి మనసు అక్కర్లేదు, డిటెక్టర్ చాలు. మనసు కావాలని నువ్వు రాసిన పేరా ఉంటే పూర్తిగా కొట్టేసి, శీర్షికను ప్రశ్నగా మార్చి మళ్లీ సార్‌కు చూపించు.