డాక్టర్ సలహా: ఈఎండీఆర్ థెరపీ చేయిస్తే మా ఆయన తాగుడు మానేస్తారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక ఊరు. మా ఆయనకు 39 ఏళ్లు. 2018లో తిత్లీ తుఫాను రాత్రి గోడ కూలి మా మామగారు ఆయన కళ్లముందే చనిపోయారు. జీడితోట కూడా పోయింది. అంతకుముందు పండక్కో పబ్బానికో తాగే మనిషి, అప్పటి నుంచి రోజూ తాగుతున్నారు. ఇప్పుడు పొద్దున్నే చుక్క పడకపోతే చేతులు వణుకుతాయి. గాలి గట్టిగా వీస్తే ఇంట్లో ఉండలేరు, వీధిలోకి వెళ్లి నిలబడతారు. రెండుసార్లు డీ-అడిక్షన్ సెంటర్‌లో చేర్పించాం. ఇంటికొచ్చిన కొన్నాళ్లకే మళ్లీ మొదలు. ఈఎండీఆర్ అనే థెరపీలో కళ్లు అటూ ఇటూ తిప్పిస్తే తాగుడు మానేస్తారని విశాఖలో ఉండే మా ఆడపడుచు చెబుతోంది. నిజమేనా? కూరలో కలిపే మాత్ర ఉందని ఇంకొకరు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ముందు ఆ మాత్ర సంగతి చెబుతాను. ఎట్టి పరిస్థితుల్లోనూ కూరలో కలపకండమ్మా. అది డైసల్ఫిరామ్. తెలియకుండా దాన్ని మింగిన మనిషి మద్యం తాగితే ముఖం ఎర్రబడుతుంది, గుండె దడ పుడుతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది. ప్రాణం మీదికి రావచ్చు. తానేం వేసుకుంటున్నాడో తెలిసి, ఒప్పుకున్నవాళ్లకే, అదీ గుండె, లివర్ బాగున్నాయని చూసుకున్నాకే ఇచ్చే మాత్ర అది.

ఇక మీ అసలు ప్రశ్న. గాలి వీస్తే ఆయన ఇంట్లో ఉండలేకపోతున్నారని రాశారు చూశారా, మీరు రాసినదానిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ ఒక్క మాటే. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటి వెళ్లిపోయింది. మీ ఆయనకు మాత్రం అది ఇంకా వెళ్లలేదు. తలుపు కొట్టుకున్నా, రేకులు చప్పుడైనా ఒళ్లు మళ్లీ ఆ రాత్రిలోకే పోతోంది. దీన్ని పీటీఎస్‌డీ అంటారు. మనిషిని చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, అదే అయ్యుండొచ్చని నా అనుమానం. పీడకలలు, ఉలికిపాటు, ఆ గోడ ఉన్న వైపు వెళ్లకపోవడం, నాన్న మాట ఎత్తితే లేచిపోవడం లాంటివి కూడా ఉన్నాయేమో గమనించండి.

ఇలాంటివాళ్లు చాలామంది నిద్ర కోసం, ఆ దృశ్యం కళ్లముందు ఆడకుండా ఉండటం కోసం తాగుతారు. మొదట్లో పనిచేసినట్టే ఉంటుంది. కానీ మద్యంతో వచ్చే నిద్ర అర్ధరాత్రికే చెదిరిపోతుంది. మత్తు దిగేకొద్దీ భయం రెట్టింపై, పొద్దున్నే మళ్లీ సీసా కావాల్సొస్తుంది. సెంటర్‌లో ఒంట్లోంచి మద్యాన్ని తీసేసి పంపారు. ఆ రాత్రి జోలికి ఎవరైనా వెళ్లారా? వెళ్లకపోతే, మళ్లీ తాగడాన్ని ఆయన మొండితనం కింద జమకట్టడం అన్యాయం.

ఈఎండీఆర్ పూర్తి పేరు ఐ మూవ్‌మెంట్ డీసెన్సిటైజేషన్ అండ్ రీప్రాసెసింగ్. అమెరికాకు చెందిన సైకాలజిస్టు ఫ్రాన్సీన్ షాపిరో 1987లో దీన్ని మొదలుపెట్టి, 1989లో తొలి అధ్యయనం ప్రచురించారు. పీటీఎస్‌డీకి ఈ థెరపీని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది. ఇది హిప్నాటిజం కాదు. మనిషి పూర్తి మెలకువతో, తెలివితో ఉంటాడు.

గదిలో జరిగేది ఇలా ఉంటుంది. ఆ రాత్రిలో అన్నిటికంటే బాధపెట్టే ఒక్క క్షణాన్ని ఎంచుకోమంటారు. అది గోడ కూలిన చప్పుడే కావచ్చు. దాన్ని తలుచుకుంటే తన గురించి తనకేమనిపిస్తోందో అడుగుతారు. ‘నేను కాపాడలేకపోయాను, తప్పు నాదే’ అనే మాట చాలామంది నోట వస్తుంది. బాధ 0 నుంచి 10లో ఎంత, ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది, గుండెల్లోనా, కడుపులోనా అని కూడా అడుగుతారు. తర్వాత ఆ క్షణాన్ని మనసులో ఉంచుకునే, థెరపిస్టు వేళ్లు అటూ ఇటూ కదులుతుంటే కళ్లతో వెంబడించాలి. అర నిమిషం తర్వాత ఆపి, ఊపిరి పీల్చుకోమని, ఏమొచ్చిందో చెప్పమంటారు. మళ్లీ మొదలుపెడతారు. కళ్లు నొప్పి పుడితే అరచేతుల మీద మార్చి మార్చి తట్టడం, చెవుల్లో మార్చి మార్చి శబ్దం వినిపించడం కూడా చేస్తారు. ఒక సెషన్ గంట నుంచి గంటన్నర. జ్ఞాపకాన్ని తలుచుకుంటూనే ఇంకో పని మీద ధ్యాస పెట్టాల్సి రావడంతో ఆ జ్ఞాపకం పదును తగ్గుతుందని, ఇది పనిచేసే తీరుకు ఎక్కువమంది ఇచ్చే వివరణ. నాన్న పోయిన సంగతి మరిచిపోరు. తలుచుకున్నప్పుడు ఒళ్లు వణికిపోవడం తగ్గుతుంది, ‘తప్పు నాదే’ అన్న మాట సడలుతుంది.

ఈఎండీఆర్‌లో వ్యసనం కోసమే తీర్చిదిద్దిన పద్ధతులూ ఉన్నాయి. వాటిలో తాగాలనిపించే క్షణాల మీదే పనిచేస్తారు. సాయంత్రం బెల్టు షాపు ముందు నుంచి నడవడం, చేతికి కూలి డబ్బులు రావడం, ఫలానా స్నేహితుడి బండి చప్పుడు, ఇలా ఒక్కోదాన్ని తీసుకుని అప్పుడు పుట్టే యావను తగ్గించడానికి ప్రయత్నిస్తారు. అయితే వ్యసనానికి ఈఎండీఆర్ రుజువైన చికిత్స అని నేను చెప్పను. జర్మనీలో 2008లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో యావ తగ్గింది. నెదర్లాండ్స్‌లో 2020లో వచ్చిన అధ్యయనంలో మాత్రం, మామూలు చికిత్సకు దీన్ని జోడించినా తాగుడు విషయంలో అదనపు లాభం కనబడలేదు. అందుకే సరదాగా మొదలై అలవాటైనవాళ్లకు నేను దీన్ని ముందుగా సూచించను. మీ ఆయన విషయం వేరు. ఆయనకు కావాల్సింది ఆ రాత్రికి వైద్యం, తాగుడుకు వైద్యం, రెండూ. ఈఎండీఆర్ మొదటిదానికి. రెండోదానికి మాత్రలు, కౌన్సెలింగ్, మీ అండ కావాలి.

అందుకే వరుస తప్పకూడదు. పొద్దున్నే చేతులు వణికే మనిషి ఇంట్లో ఒక్కసారిగా మానేస్తే, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనబడి, జ్వరం, చెమటలు పట్టి ప్రాణాపాయం కావచ్చు. కాబట్టి మాన్పించడం ఆస్పత్రిలోనే జరగాలి. పసరు మందులకు, ‘ఒక్క ఇంజెక్షన్‌తో మానేస్తారు’ అనేవాళ్లకు దూరంగా ఉండండి. నీరసంగా ఉన్నారని ఊళ్లో గ్లూకోజ్ సెలైన్ కూడా ఎక్కించవద్దు. బాగా తాగేవాళ్ల ఒంట్లో విటమిన్ బి1 తక్కువగా ఉంటుంది. ఆ ఇంజెక్షన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు.

మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం కాబట్టి ఇంకో మాట. ఏ మాత్ర మొదలుపెట్టే ముందైనా కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించి, ఆ రిపోర్టు డాక్టరు ముందు పెట్టండి. తాగాలన్న యావ తగ్గించే అకాంప్రోసేట్ కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు ఇవ్వకూడదు. అదే యావకు ఇచ్చే బాక్లోఫెన్ అయితే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లను తికమకలోకి, మగతలోకి నెట్టేస్తుంది. అలాంటిదే మరో మాత్ర నాల్‌ట్రెక్సోన్‌కు లివర్ పరీక్ష చూడాలి. వేరే జిల్లాలో సెంటర్‌లో చేర్పిస్తే అక్కడివాళ్లకు మీ ప్రాంతపు కిడ్నీ జబ్బు గురించి తట్టకపోవచ్చు, మీరే చెప్పండి.

ఒంట్లో మద్యం పూర్తిగా దిగి, నిద్ర, తిండి కాస్త కుదురుకుని, భయం ముంచుకొచ్చినప్పుడు తనను తాను నిలబెట్టుకోవడం నేర్చుకున్నాకే ఆ రాత్రి జోలికి వెళ్లాలి. తొందరపడి జ్ఞాపకాన్ని కదిపితే ఆ సాయంత్రమే మళ్లీ తాగేసే ప్రమాదం ఉంది. మొదటి రోజే ‘కళ్లు తిప్పండి’ అనే థెరపిస్టు దగ్గర ఆగకండి. ఈఎండీఆర్‌లో శిక్షణ పొందారా, వ్యసనం ఉన్నవాళ్లను చూసిన అనుభవం ఉందా, మీ సైకియాట్రిస్టుతో మాట్లాడతారా అని మొహమాటం లేకుండా అడగండి. ఫిట్స్ చరిత్ర, కంటి జబ్బులు ఉంటే ముందే చెప్పాలి. థెరపీ ఉన్న రోజు సాయంత్రం ఆయనను ఒంటరిగా వదలకండి. లోపల ఏం జరిగిందో గుచ్చి గుచ్చి అడగకండి.

శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీకి ముందు తీసుకెళ్లండి. పెద్ద ఎత్తున చికిత్స అవసరమైతే విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆయన రానంటే మీరొక్కరే వెళ్లి డాక్టరుతో మాట్లాడండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు (14416) ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. తాగుడు మానడానికి సాయం చేసే హెల్ప్‌లైన్ 14446. చచ్చిపోతాననే మాట ఆయన నోట వచ్చినా, ఫిట్స్ వచ్చినా, మతి తప్పినా ఓపీ టైమ్ కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఆయనతో ఈ సంగతి ఎత్తేటప్పుడు పొద్దున, మత్తు లేని వేళ చూసుకుని ఎత్తండి. ‘తాగుడు మాన్పించడానికి రా’ అనకండి. ‘గాలి వీచిన రాత్రి నీకు నిద్ర పట్టాలి, దానికి డాక్టరు ఉన్నారట, వెళ్దాం’ అనండి.