ట్యూరిన్‌లో శాకాహారులైన అమ్మానాన్నలతో: అపెరిటీవో, భోజనం, షాపింగ్

జులైలో అమ్మానాన్నలు ఇటలీలోని ట్యూరిన్ వస్తున్నారు, ఇద్దరూ శాకాహారులు, మందు ముట్టరు, అపెరిటీవోకి, అంటే రాత్రి భోజనానికి ముందు ఒక డ్రింకు, చిరుతిళ్లతో కూర్చునేదానికి, తీసుకెళ్లొచ్చా అని అడిగారు కదండీ. నిస్సంకోచంగా తీసుకెళ్లండి. అక్కడ చదువుకునే రోజుల్లో ఇంటినుంచి ఎవరొచ్చినా నేను ముందు చూపించింది అదే.

1786లో కార్పానో అనే ఆయన వెర్మూత్ (మూలికలు కలిపిన వైన్) తయారుచేసిన ఊరు కాబట్టి అపెరిటీవో అంటే వాళ్లకు ప్రాణం. కానీ అందరూ తాగాలనేం లేదు. 'అనాల్‌కోలికో' అని అడగండి, మందు లేనిది ఇస్తారు. ట్యూరిన్ ఉన్న పీడ్‌మాంట్ ప్రాంతంలోనే పుట్టిన క్రోదీనో అలాంటి డ్రింకే, కాస్త చేదుగా, నారింజ రంగులో ఉంటుంది, నాన్నగారికి నచ్చొచ్చు. గ్లాసుతోపాటు ఆలివ్‌లు, చిప్స్, ఫొకాచా రొట్టె ముక్కలు వస్తాయి. హ్యామ్ (పంది మాంసం) కూడా పెట్టే అవకాశముంది, అందుకే 'సెన్సా కార్నే, సెన్సా పేషే' అని ముందే చెప్పండి: మాంసం వద్దు, చేప వద్దు అని. పియాత్సా విత్తోరియో కూడలిలో సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్య కూర్చుంటే పెద్దవాళ్లకు కాలక్షేపం కూడా. ఇంకో లాభముంది: మధ్యాహ్నం రెండున్నర దాటితే చాలా హోటళ్లలో వంటగది మూసేస్తారు, రాత్రి ఏడున్నర దాకా తెరవరు. ఆలోపు ఆకలికి ఇదే ఆధారం.

భోజనానికి మాత్రం జాగ్రత్త. అన్యోలోత్తి అనే పాస్తా లోపల మాంసం ఉంటుంది, కూరగాయలు ముంచుకుని తినే బాన్యా కావ్దాలో ఆంచొవీ చేపలుంటాయి, చూడటానికి కూరగాయల వంటకంలాగే ఉన్నా సరే. ఫరినాతా అడగండి. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. మన శనగపిండి అట్టును మందంగా చేసి పొయ్యిలో కాల్చినట్టుంటుంది, అమ్మగారికి ఇంటి వంట తిన్నంత హాయి. బిల్లులో 'కొపెర్తో' అని మనిషికి కొన్ని యూరోలు వేస్తారు, అది మోసం కాదు, కూర్చున్నందుకు. టిప్ తప్పనిసరి కాదు. నీళ్లకు బయట ఎద్దు తల ఉన్న పచ్చ కుళాయిలు, తొరేత్‌లు, ఊరంతా ఉన్నాయి, నిశ్చింతగా తాగొచ్చు.

కూరగాయలకు పొర్తా పలాత్సో బజారుకు ఉదయమే వెళ్లండి. పళ్లు మీరు ఏరకండి, అమ్మేవాళ్లే ఇస్తారు. శనివారమైతే పక్కనే బాలోన్ పాత సామాన్ల సంత. బట్టలకు వీయా రోమా వీధి ఖరీదు, వీయా గరిబాల్దీ నయం. జులై మొదట్లో 'సాల్దీ' డిస్కౌంట్లు మొదలవుతాయి. సోమవారం పొద్దున చిన్న దుకాణాలు మూసి ఉంటాయి. జాందూయొత్తి చాక్లెట్లు ఆ ఎండకు కరిగిపోతాయి, ప్రయాణం ముందురోజు కొనండి.

ఒకే దుకాణంలో 70 యూరోలు దాటితే టాక్స్ ఫ్రీ ఫారం (కట్టిన పన్ను వెనక్కి తీసుకునేందుకు) అడగండి. మీరు ఇటలీలో ఉంటున్నారు కాబట్టి మీ పేరుమీద రాదు, అమ్మానాన్నల పాస్‌పోర్టు చూపించాలి. కొన్న వస్తువు చెకిన్ బ్యాగులో పెట్టేముందే విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర ఫారం పని ముగించుకోండి.