గులాబీ ఆకు చుట్టుకుపోతే ముందు విప్పి చూడు

అమ్మడూ,

నీ గులాబీ మొక్క ఫోటోలు చూశాను, కంగారుపడకు, మీ నాన్న చెప్పాడని మందు మాత్రం కొట్టేయకు. ఆకు అంచులు రెండువైపులా కిందికి ముడుచుకుని సన్న గొట్టంలా అయిపోయాయి, అదీ మే నెలాఖర్లో, ఇంగ్లండ్‌లో, అంటే నా అనుమానం సాఫ్లై మీదే. పేరులో ఫ్లై ఉందని ఈగ అనుకునేవు, ఇది కందిరీగలు తేనెటీగలు ఉండే వర్గం, కాకపోతే సన్న నడుముండదు. ఆడదానికి గుడ్లు పెట్టే భాగం చిన్న రంపంలా ఉంటుంది, దాంతో ఆకుని కోసి గుడ్డు దూరుస్తుంది.

అనుమానం వేరు, ఏ పురుగు ఎక్కడ కనబడిందో నమోదు చేసే రికార్డులకి పేరు రాసి పంపడం వేరు. ముందొక ఆకు విప్పు. లోపల సాలెగూడు లాంటి దారాలుండి, పురుగు ముట్టుకోగానే గిలగిలా వెనక్కి పాకితే అది టార్ట్రిక్స్ మాత్ అనే, సీతాకోకల జాతి రెక్కల పురుగు పిల్ల. దారాల్లేకుండా లేతాకుపచ్చ పురుగుంటే పొట్ట కింది కాళ్లు లెక్కపెట్టు, సీతాకోకల జాతికి అయిదు జతలు దాటవు, సాఫ్లై పిల్లలకి అంతకంటే ఎక్కువే. ఏమీ లేకపోయినా ఆశ్చర్యపోకు, ఆడది గుడ్డు పెట్టకుండా పొడిచి వదిలేసిన ఆకులూ చుట్టుకుపోతాయి, మొదట్లో ఖాళీ ఆకులు విప్పి విప్పి నాకు విసుగొచ్చేది.

ఇక ఈ గులాబీ సాఫ్లై శాస్త్రీయమైన పేరు. బ్లెన్నోకాంపా ఫిల్లోకోల్పా, టెంత్రెడినిడే కుటుంబం. పాత పుస్తకాల్లో బ్లెన్నోకాంపా పుసిల్లా అని ఉంటుంది, ఇప్పటి పేరు విటాసారి, విక్‌బర్గ్ అని ఇద్దరు 1985లో పెట్టారు, అందుకే పాత రికార్డులు రెండు పేర్లతోనూ వెతకాలి. ఇంకో చిక్కుంది, ఫిల్లోకోల్పా అని విడిగా ఒక జీనస్సే (దగ్గరి జాతుల గుంపు) ఉంది, అవీ ఆకులు మడిచేవే కానీ విల్లో, పాప్లర్ చెట్ల మీద. నేనోసారి హడావిడిగా ఆ ఒక్క ముక్కే రాసి పంపితే, ఏ చెట్టు మీద చూశారండీ అని రికార్డులు చూసేవాళ్లు తిరుగుటపాలో అడిగారు, సిగ్గేసింది. పాంఫిలిడే అని మరో కుటుంబం కూడా తగుల్తుంది, అందులో చాలా రకాల పిల్లలు పట్టుదారంతో తమ ఆకుని తామే చుట్టుకుంటాయి, వాటికి పొట్ట కింద కాళ్లే ఉండవు. మనదాంట్లో చుట్టించేది తల్లి.

ఎక్కడెక్కడుందని అడిగావు కదా, ఇది యూరప్ పురుగు, దక్షిణ ఇంగ్లండ్ తోటల్లో మామూలే. రికార్డుల మ్యాప్‌లో మీ ఊరి దగ్గర చుక్క లేదంటే పురుగు లేదని కాదు, ఎవరూ చూసి రాయలేదేమో. అందుకే తేదీ, ఊరు, మొక్క ఈ మూడూ తప్పకుండా రాయి. పెద్ద పురుగు నల్లగా మూడు నాలుగు మిల్లీమీటర్లే, ఏప్రిల్ చివర్నించి జూన్ మొదటిదాకా తిరుగుతుంది, పిల్లలు అక్కడి ఎండాకాలంలోనే మట్టిలోకి దిగిపోతాయి, ఏడాదికి ఒకటే తరం. కడియం నుంచి తెచ్చిన గులాబీకి ఇలాగే ఉందని మీ అమ్మ అంటోంది, అక్కడ ముడతంటే ముందు తామర పురుగుల (త్రిప్స్) కోసం చూడమను, మన దగ్గర సాఫ్లై అంటే ఆవాలు, ముల్లంగి ఆకులు తినేదే.

చుట్టుకున్నవి నాలుగైదే అయితే తుంచెయ్, చెట్టంతా ఉంటే వదిలెయ్, అన్నాకులూ పీకితే మొక్కకి పురుగుకంటే నీవల్లే ఎక్కువ నష్టం. రేపు ఒకటి విప్పి, పక్కన పెన్సిల్ పెట్టి ఫోటో పంపు, సైజు తెలుస్తుంది.

మీ పెదనాన్న