ఆఫీసు ఫోన్ల బాధ్యత తీసుకున్న అల్లునికి

చిరంజీవి అల్లునికి మామ ఆశీస్సులు.

ఎనుమాముల మార్కెట్ దగ్గరి మీ ఆఫీసులో కొత్తగా పెట్టిన ఐపీ ఫోన్ల (కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచే ఫోన్ల) బాధ్యత నీకే అప్పగించారని మీ అమ్మ చెప్పింది. పత్తి సీజన్‌లో అక్కడ ఫోన్ పలకకపోతే బేరాలన్నీ ఎట్లా ఆగిపోతాయో ఎరిగినవాణ్ణి గనుక, నువ్వు పనిలో దిగకముందే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ ఫోన్లలో కాల్ కలపడం వేరు, మాటను మోయడం వేరు. కలిపే పని సిప్ అనే ప్రోటోకాల్‌ది, అంటే యంత్రాలు మాట్లాడుకునే కట్టుబాటుది. 2002లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 3261 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం దానికి ఆధారం. మోసే పని ఆర్‌టీపీ అనే మరో ప్రోటోకాల్‌ది. సిప్ సందేశాలు సాధారణంగా 5060 నంబరు పోర్టు (నెట్‌వర్క్‌లో ద్వారం లాంటిది) ద్వారా కాల్స్ నడిపే సర్వర్‌కు చేరతాయి. మాటను ముక్కలు చేసిన ప్యాకెట్లు మాత్రం వేరే పోర్టుల్లో, చాలాచోట్ల సర్వర్‌ను తాకకుండానే ఒక ఫోన్ నుంచి మరో ఫోన్‌కు నేరుగా పోతాయి. అందుచేత ఎవరైనా వచ్చి "ఫోన్ పనిచేస్తలేదు" అంటే, "మోగిందా?" అని ముందు అడుగు. మోగకపోతే రిజిస్ట్రేషన్ (ఫోన్ సర్వర్‌లో నమోదైందా అన్నది), పాస్‌వర్డ్, కేబుల్ చూడు. మోగి, ఎత్తిన తర్వాత మాట వినిపించకపోతే రిజిస్ట్రేషన్ సెట్టింగులను కదిలించకు, మాట వెళ్లే దారిని వెతుకు.

జమ్మికుంట బ్రాంచితో మాట్లాడేటప్పుడు ఒకవైపు మాత్రమే వినిపించడం నీకు తప్పకుండా ఎదురయ్యే చిక్కు. అప్పుడు నెట్‌వర్క్‌లో పోయే ప్యాకెట్లను చూపే వైర్‌షార్క్ ప్రోగ్రాంలో, కాల్ మొదలుపెట్టే ఇన్వైట్ అనే సిప్ సందేశాన్ని తెరిచి, మాట వివరాలుండే దాని కింది ఎస్‌డీపీ భాగంలో 'సీ' అక్షరంతో మొదలయ్యే వరుసను చదువు. మాటను ఏ చిరునామాకు పంపాలో ఫోన్ అక్కడే చెబుతుంది; అక్కడ 192.168తో మొదలయ్యే చిరునామా ఉంటే, అది మీ గోడల లోపల చెల్లేదే గాని ఇంటర్నెట్ మీద చెల్లదు కాబట్టి, అవతలివారి మాట మీదాకా రాదు. రూటర్‌లోని సిప్ ఏఎల్‌జీ అనే సదుపాయం ఈ చిరునామాను సరిదిద్దడానికే ఉన్నా, తరచుగా చెడగొడుతుంది కాబట్టి ముందు దాన్ని ఆపెయ్యి. రెండు ఆఫీసుల మధ్య వీపీఎన్ (ఇంటర్నెట్ మీదే సొంత దారి) వేయించగలిగితే, నా దృష్టిలో అంతకంటే నిలకడైన మందు లేదు.

మాట తెగితెగి వస్తే నెట్ స్పీడ్ పెంచమని కొందరు వెంటనే చెబుతారు. మాటను అంకెలుగా మార్చే జీ.711 కోడెక్‌తో ఒక్క కాల్‌కు ఈథర్నెట్ మీద ఒక్కో వైపు సెకనుకు సుమారు 87 కిలోబిట్లు చాలు. ఇరవై మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున సెకనుకు 50 ప్యాకెట్లు వేళ తప్పకుండా చేరడమే అసలు అవసరం. ఇవి చేరాయో లేదో చూడని యూడీపీ పద్ధతిలో పోతాయి గనుక దారిలో పోయినదాన్ని ఎవరూ మళ్లీ పంపరు. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకపోతే సంభాషణ సాఫీగా సాగుతుంది. కాబట్టి ఫోన్లకు వేరే వాయిస్ వీలాన్ (అదే స్విచ్ మీద విడిగా చేసిన నెట్‌వర్క్) పెట్టి, మాట ప్యాకెట్లకు ముందు దారి ఇవ్వమనే డీఎస్‌సీపీ 46 గుర్తు వేయించి, స్విచ్‌తో పాటు రూటర్ కూడా ఆ గుర్తును మన్నించేలా చూడు.

5060 పోర్టును బయటి ఇంటర్నెట్‌కు ఎన్నడూ తెరిచి ఉంచకు. ఎక్స్‌టెన్షన్ నంబరునే పాస్‌వర్డ్‌గా వదిలేస్తే, రాత్రికి రాత్రే ఎవరో మీ లైన్ మీద విదేశాలకు కాల్స్ చేసి బిల్లు మీ యజమాని నెత్తిన వేస్తారు.

ఫోన్లకు కరెంటు కూడా నెట్‌వర్క్ కేబుల్‌లోనే వస్తుంది కాబట్టి సర్వర్‌తో పాటు స్విచ్‌కు, రూటర్‌కు కూడా యూపీఎస్ ఉందో లేదో రేపే చూసి, లేకపోతే ఎండలు ముదరకముందే పెట్టించు.

నీ మామ,
హనుమకొండ